కండరమును కొలిచిన తెలుగువాడు
(బోస్టను నగరమున తెలుగువారి సభలో యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృత్యర్థము చేయబడిన ఉపన్యాసము)



యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతికై జరుగు సభలయందు వక్తలు సాధారణముగా ఆయన జీవితపు ఉత్తరార్ధమును గూర్చియే ప్రసంగింతురు. న్యూయార్కు రాష్ట్రమున పర్ల్ రివర్ గ్రామమందలి లెడర్లీ ప్రయోగశాలలలో 1940 మొదలు 1948 ఆగష్టులో కన్నుమూయువఱకు ఆయన నడపిన పరిశోధనల ఫలములైన ఫోలిక్ ఆమ్లము, బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాన్, బాలల రక్తక్యాన్సరుపై ఈ నగరముననే సిడ్నీ ఫార్బరు ప్రయోగించిన అమినోటెరిన్, బెంజమిన్ డగ్గరు కనుగొన్న ఆరియోమైసిన్, ఇవన్నియు లోకోపకారకములగుటచే లోకవిదితములైనవి. వాని మహిమను తగ్గించి చెప్పుట నా యుద్దేశము కాదు. అయినను, ఈ బోస్టనులో హార్వర్డు వైద్యకళాశాలయందలి యొక గదిలో, చేతిలో డబ్బులేక, స్థిరమైన పదవిలేక, కండరమును కొలుచుచు ఆయన గడపిన తొలి సంవత్సరములే ఆ ప్రతిభకు పరమనిదర్శనములని నేను చిరకాలముగా నమ్ముచున్నాను. నేటి యుపన్యాసమున ఆ సంవత్సరములను గూర్చియు, ఆనాడు కొలవబడిన పదార్థములతో నిత్యము వ్యవహరించు ఒక కండర ప్రోటీను మన కాలమున బాక్టీరియాలయందు ఉత్పత్తి చేయబడు మానవ ప్రోటీనుగా పరిశోధనశాలలకు చేరిన విధమును గూర్చియు చెప్పదలచితిని.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించినందున శస్త్రవైద్యాచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రమును మాత్రమే పొందిరి. స్ప్రూ అను గ్రహణీరోగమునకు ఇరువురు సోదరులు బలియైన దుఃఖమును గుండెలో మోసికొని, మామగారి తోడ్పాటుతో సముద్రములు దాటి ఈ నగరమునకు వచ్చిరి. పగలు ఉష్ణమండల వైద్యము చదువుచు, జీవనమునకై ఆసుపత్రిలో సేవకుల పనులు చేయుచు, తుదకు ఆటో ఫోలిన్ ఆచార్యుడు అధ్యక్షత వహించిన జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్‌గారి కడ చేరిరి. ఈ కథ మీలో పెక్కుమందికి తెలిసినదే గనుక నేను దీనిని విస్తరింపను. ఆయనకు అప్పగింపబడిన పని యేదో దానిని మాత్రము కొంచెము నిలిచి చూడవలసియున్నది.

రక్తమునందును మూత్రమునందును భాస్వరము ఎంత కలదో కొలుచుటయే ఆ పని. ఫోలిన్‌గారి శాఖ వర్ణమును బట్టి పరిమాణమును నిర్ణయించు పద్ధతులకు ప్రసిద్ధి కెక్కినది. బెల్, డాయిసీ, బ్రిగ్స్ మొదలగువారు అంతకుముందే భాస్వరమునకు అట్టి పద్ధతులను కల్పించియుండిరి. కాని వానిలో రంగు ఆలస్యముగా పుట్టుచుండెను, పరిసరద్రవ్యములచే చెడుచుండెను. ఫిస్క్, సుబ్బారావు ఇరువురును 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ పత్రికలో ప్రకటించిన పద్ధతి సరళమైనది: ఆమ్లద్రవమున ఫాస్ఫేటును మాలిబ్డేటుతో కలిపి, అమినోనాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లము చేర్చినయెడల, కొలది నిమిషములలో స్వచ్ఛమైన నీలవర్ణము పుట్టును, ఆ నీలము యొక్క సాంద్రతను తెలిసిన పరిమాణముతో పోల్చి చూచినచో భాస్వరమెంతయో తేలును. ఇంతే. దీనిలో సాహసము గాని, పత్రికలవారు మెచ్చు అద్భుతము గాని యేమియు లేదు. అయినను, ఒక శతాబ్దము గడచిన పిమ్మటను ఈ పద్ధతి వారిరువురి పేరులతోనే ప్రయోగశాలలలో నిలిచియున్నది, కండరప్రోటీనైన మయోసిన్, కండరమునకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును ఎంత వేగముగా ఛేదించుచున్నదో తెలియగోరిన విద్యార్థులు ఎందఱో, విడివడిన ఫాస్ఫేటును ఆ నీలవర్ణముతోనే కొలిచిరి.

ఈ పద్ధతిని రక్తమునుండి కండరమునకు మరల్చినప్పుడు వారికొక విచిత్రము కనబడెను. కండరమునుండి తీసిన నిస్యందమున నీలవర్ణము వెంటనే పూర్తిగా పుట్టక, మెల్లమెల్లగా చిక్కనగుచు పోయెను. తొందరపాటు గల పరిశోధకుడైనచో, కండరమునందలి యేదో మలినము వర్ణమును ఆటంకపఱచుచున్నదని యెంచి, రంగు పూర్తియగువఱకు వేచియుండి, వచ్చిన అంకెను పుస్తకమున వ్రాసికొని ముందునకు సాగిపోవును. అట్లు సాగిపోయినవారు అంతకుముందు ఉండియే యుందురు. సుబ్బారావుగారును ఫిస్క్‌గారును సాగిపోలేదు. ఆ యాలస్యమునకు కారణమేమని ప్రశ్నించి, అంతవఱకు ప్రపంచమంతయు కండరమందలి నిరింద్రియ ఫాస్ఫేటుగా లెక్కించుచు వచ్చినదానిలో అధికభాగము నిజమునకు నిరింద్రియ ఫాస్ఫేటే కాదనియు, అది క్రియాటిన్ అను పదార్థముతో బంధింపబడిన మిక్కిలి అస్థిరమైన సమ్మేళనమనియు, పరీక్షకై కలిపిన ఆమ్లమాలిబ్డేటులోనే అది విచ్ఛిన్నమగుచు ఫాస్ఫేటును క్రమక్రమముగా విడుచుచున్నదనియు కనుగొనిరి. పిల్లియొక్క ఐచ్ఛిక కండరమును విద్యుత్తుచే ప్రేరేపించినప్పుడు ఆ సమ్మేళనము తగ్గుటయు, విశ్రాంతి నొసగినప్పుడు తిరిగి యేర్పడుటయు గమనించిరి. 1927 ఏప్రిలులో సైన్స్ పత్రికయందు ఈ విషయము వెలువడెను. అదే కాలమున లండనులో ఫిలిప్ ఎగిల్టన్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులు కప్పకండరములయందు ఈ పదార్థమునే చూచి దానికి ఫాస్ఫాజెన్ అని పేరుపెట్టిరి గాని, అది క్రియాటినుతో కూడిన సమ్మేళనమని నిర్ణయించి, కాల్షియము లవణరూపమున వేఱుచేసి, 1929లో విపులమైన వ్యాసముతో ఫాస్ఫోక్రియాటిన్ అను పేర దాని స్వరూపమును స్థాపించినది బోస్టనువారు.

ఈ యావిష్కారము ఎట్టి సమయమున వచ్చెనో తెలిసినగాని దాని గౌరవము తెలియదు. 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి ఆర్చిబాల్డ్ హిల్, ఆటో మయర్‌హాఫ్ అను నిరువురు మహామహులకు కండరశాస్త్రమునందలి కృషికే లభించియుండెను. కండరసంకోచమునకు మూలము లాక్టిక్ ఆమ్లమనునది ఆనాటి సిద్ధాంతము. 1930లో డెన్మార్కువాడైన ఐనార్ లుండ్స్‌గార్డ్, అయొడోఅసిటేటు విషముచే లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ చేసిన కండరము కూడ కొంతసేపు సంకోచించుననియు, ఆ సమయమున వ్యయమగునది ఫాస్ఫోక్రియాటిన్ అనియు చూపగా, ఆ సిద్ధాంతము కూలిపోయెను. ఈలోపల 1929లో ఫిస్క్, సుబ్బారావులు కండరమునుండియు కాలేయమునుండియు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఏ.టి.పి.ని కూడ వేఱుచేసి ప్రకటించిరి. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రముగా దానినే కనుగొనెను. 1934లో ఆ లోమనే ఈ రెండు పదార్థములకు గల సంబంధమును వెల్లడించెను. కండరము వాడుకొనునది ఏ.టి.పి.ని, అది వ్యయమైన క్షణముననే ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటు నిచ్చి దానిని తిరిగి నింపును. గోదావరి మండలమున గాదెలోని ధాన్యమునకును, వండుటకై దంచి కుండలో పోసికొన్న బియ్యమునకును గల సంబంధమువంటిది వీని సంబంధము: కుండలోనిది కొలది సెకండ్ల శ్రమకు చాలును, గాదెలోనిది దానికి కొన్ని రెట్లుండును. సంకోచక్రియలో నేరుగా వ్యయమగునది ఏ.టి.పి.యే యని ప్రత్యక్షముగా నిరూపించుటకు మాత్రము 1962 దాక వేచియుండవలసి వచ్చెను. ఆ సంవత్సరమున ఫిలడెల్ఫియాలో కేన్, డేవీస్ అను నిరువురు, గాదెనుండి కుండకు మార్గమును డైనైట్రోఫ్లోరోబెంజీన్ అను ద్రవ్యముచే మూసివైచి, ఒక్క సంకోచమునందలి ఏ.టి.పి. నష్టమును కొలిచిరి.

ఆ మార్గమే క్రియాటిన్ కైనేజ్ అను ఎంజైము. మా వృత్తిలోనివారు దీనిని సి.కె. యందురు. నేటి ప్రసంగమునకు నాయకస్థానమందున్న ప్రోటీను ఇదియే. కండరకణమున కరగియుండు ప్రోటీనులలో దీని పాలు మిక్కిలి పెద్దది. విస్కాన్సిన్ రాష్ట్రమున కూబీ, నోడా, లార్డీ అను మువ్వురు 1954లో దీనిని కుందేటి కండరమునుండి స్ఫటికరూపమున సంపాదించిరి. 1959లో జపానుదేశమున ఎబాషీ బృందమువారు, కండరక్షీణతావ్యాధి గల బాలుర రక్తమున ఈ ఎంజైము మిక్కుటముగా నుండుటను కనుగొనిరి. కండరకణపు పొర చిరిగినప్పుడు లోపలి సి.కె. రక్తములోనికి కారిపోవుటయే దీనికి కారణము. నాటినుండి ఇది కండరవ్యాధులకును, దశాబ్దములపాటు గుండెపోటునకును సూచికయై, ప్రపంచమంతట ఆసుపత్రులలో కొలవబడుచు వచ్చినది.

ఆ కొలతను గూర్చి ఒక్కమాట చెప్పక ముందునకు పోజాలను. 1967లో రోసాల్కీ సవరించిన రీతిని అనుసరించి నేటికిని చేయబడు ఆ పరీక్షలో, రోగి రక్తమును ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏ.టి.పి. ఒక ఫాస్ఫేటును కోల్పోగా మిగులు ఏ.డి.పి.ని గల ద్రవముతో కలుపుదురు, రక్తమందలి సి.కె. వానినుండి ఏ.టి.పి.ని పుట్టించును, ఆ ఏ.టి.పి. వేఱు రెండు ఎంజైములద్వారా అతినీలలోహితకాంతిని 340 నానోమీటర్లకడ పీల్చు పదార్థమును కల్పించును. దానిని యంత్రము చదువును. అనగా ఆ చిన్న గాజుపాత్రలో ఆహారముగా పెట్టబడునది 1927లో సుబ్బారావుగారు చూచినది, ఫలముగా వెలువడునది 1929లో ఆయన వేఱుచేసినది. ఛాతినొప్పితో వచ్చినవారి నెందఱినో వైద్యులు దశాబ్దములపాటు ఈ రెండు పదార్థముల సాయముననే పరీక్షించిరి. నోబెల్ బహుమతి నందిన జార్జ్ హిచింగ్స్, సుబ్బారావుగారు వేఱుచేసిన న్యూక్లియోటైడులు కొన్ని ప్రకటింపబడక మఱుగుపడుటచే తరువాతివారు వానిని మరల కనుగొనవలసివచ్చెనని చెప్పియున్నారు. అది మనకు శాశ్వతమైన లోటు. కాని ప్రకటింపబడినంతవఱకే చూచినను, ఏ విశ్వవిద్యాలయపు ఆచార్యపీఠమును ఈ గౌరవమునకు సాటిరాదని నా దృఢాభిప్రాయము.

ఇక మానవ ప్రోటీను మాట. కుందేటి సి.కె.తో దశాబ్దములు గడచినవి. అయినను కుందేలు మనిషి కాదు. మానవ ప్రోటీనుకు ప్రతిదేహములను తయారుచేయుటకును, పరీక్షలకు ప్రమాణద్రవ్యముగా ఉంచుటకును, ఒక్కొక్క అమినోఆమ్లమును మార్చి దాని పనిని తెలిసికొనుటకును మానవ ప్రోటీనే కావలయును. దానిని శవకండరములనుండి తీయవచ్చును. కాని మృతదేహములనుండి తీసిన ప్రోటీనులు ఎట్టి యనర్థము తేగలవో ఈ దేశము 1985లో చూచినది. పొట్టిపిల్లలకు ఇచ్చుటకై శవముల పీయూషగ్రంథులనుండి సంగ్రహించిన పెరుగుదల హార్మోనుద్వారా క్రాయిట్జ్‌ఫెల్ట్-యాకోబ్ అను మెదడువ్యాధి సోకి కొందఱు యువకులు మరణింపగా, ఆ పంపిణీని ఆపివేసిరి. ఆ యేటనే బాక్టీరియాలో తయారైన పెరుగుదల హార్మోనునకు అనుమతి లభించెను.

మానవజన్యువును బాక్టీరియాలో పనిచేయించు విద్య కూడ ఈ దేశముననే పుట్టినది. 1973లో కాలిఫోర్నియాలో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్‌లు ఒక జీవి డి.ఎన్.ఏ. ఖండమును, చిన్న వలయాకార డి.ఎన్.ఏ. అగు ప్లాస్మిడ్‌లో అతికి ఈ. కోలై బాక్టీరియాలో ప్రవేశపెట్టిరి. 1978లో ఆ బాక్టీరియాయే మానవ ఇన్సులినును తయారుచేసెను. ఇది నిర్విరోధముగా జరిగినదనుకొనరాదు. చార్లెస్ నది కావలియొడ్డున నున్న కేంబ్రిడ్జి నగరమున, 1976 వేసవిలో, మేయరు ఆల్‌ఫ్రెడ్ వెలూచీ అధ్యక్షతన నగరసభ హార్వర్డు, ఎం.ఐ.టి. పండితులను పిలిపించి ప్రశ్నించి, ఈ ప్రయోగములలో ప్రమాదకరములైనవానిని కొంతకాలము ఆపివేసెను; శాస్త్రజ్ఞులు కాని సామాన్యపౌరులతో ఒక సమీక్షాసంఘమును నియమించి, వారు నెలలతరబడి విని, చదివి, విచారించి యిచ్చిన నివేదికను బట్టి 1977 ఫిబ్రవరిలో నిబంధనలతో అనుమతించెను. ఆనాడు శాస్త్రజ్ఞులలో పెక్కుమంది దీనిని అవమానముగా భావించిరి. నాకు మాత్రము అది ప్రజాస్వామ్యమునకు భూషణముగానే తోచును. తమ నగరమున ఏమి జరుగుచున్నదో తెలిసికొనగోరిన గృహిణులకును, వర్తకులకును నేర్పుటకు శాస్త్రజ్ఞులు సిద్ధపడిరి, వారును నేర్చికొనిరి. నేడు ఆ కేంబ్రిడ్జియే జీవసాంకేతిక సంస్థలకు నెలవైనది.

మానవ కండరపు సి.కె. జన్యుసందేశమును 1986లో హ్యూస్టనులోని బేలర్ వైద్యకళాశాలవారు సంపూర్ణముగా చదివిరి. 381 అమినోఆమ్లముల గొలుసు; అట్టివి రెండు జతపడి పనిచేయును. ఆ 1986లోనే లాంగ్ ఐలండునందలి బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియమ్ స్టూడియర్, బార్బరా మొఫట్‌లు, టి7 అను వైరసునందలి ఎంజైముసాయమున ఈ. కోలై తన శక్తినంతయు ఒక్క ప్రోటీనును తయారుచేయుటకే వినియోగించునట్లు చేయు ఉపాయమును ప్రకటించిరి. ఈ రెండును కలిసినచో మిగిలినది ఓపికగల పని. ప్లాస్మిడ్‌ను బాక్టీరియాలో ప్రవేశపెట్టి, పోషకద్రవమున పెంచి, తగిన సాంద్రతకు వచ్చినప్పుడు ఐ.పి.టి.జి. అను ద్రవ్యముచే ప్రేరేపించి, ప్రోటీను సరిగా ముడుచుకొనుటకై చల్లని ఉష్ణోగ్రతయందు రాత్రియంతయు ఊపుచు పెంచి, మఱునాడు కణములను పగులగొట్టి, ఆరు హిస్టిడిన్‌ల తోక గల ప్రోటీనును నికెల్ కాలమ్‌పై పట్టి, కడిగి, విడిపించి, జెల్‌పై నడిపి చూచినప్పుడు, 43 వేల డాల్టనుల కడ ఒక్క ముదురు గీత కనబడవలెను.

ఈ ప్రోటీనుకు ఈ. కోలై ఒక యుత్తమమైన ఆశ్రయము. ఎందుకనగా ఆ బాక్టీరియాకు స్వంతముగా సి.కె. లేదు, కావున దొరికిన క్రియాశక్తి యంతయు మానవజన్యువుదే. 1989లో పిట్స్‌బర్గునందు కొరెట్‌స్కీ, ట్రాక్స్‌లర్ అనువారు మెదడురకపు సి.కె.ను బాక్టీరియాలో పుట్టించి, దానికి క్రియాటిన్ నొసగి, సజీవకణమున ఫాస్ఫోక్రియాటిన్ ఏర్పడుటను అయస్కాంత అనునాదముచే చూచిరి. కండరమే లేని ప్రాణిలో కండరపు నిలువ ధనము! సుబ్బారావుగారు జీవించియుండి దానిని చూచినచో ఎంత సంతోషించియుందురో యని నేను తఱచు తలంతును. 1998లో మేరీలాండునందలి ఫ్రెడరిక్‌లో జాతీయ క్యాన్సరు సంస్థకు చెందిన జె. కె. మోహనరావుగారు, బుయాచ్, వ్లోదావర్‌లతో కలిసి కుందేటి కండరపు సి.కె. త్రిమితీయ నిర్మాణమును ప్రకటించిరి.

ఈ సభలో పరిశోధనావిద్యార్థులు పెక్కురు కలరు గనుక, నేడు కంపెనీలనుండి మంచుపెట్టెలలో వచ్చు చిన్నసీసాలను గూర్చి వారితో కొంత చెప్పవలసియున్నది. సీసాపై పరిశోధనకు మాత్రమే యని వ్రాసియుండును. దానిలోని ప్రోటీను మానవునిదే, క్రమమును మానవునిదే. అయినను అది రోగి రక్తమందలి సి.కె.తో సర్వవిధముల సమానమని తలపరాదు. మన రక్తమున కార్బాక్సిపెప్టిడేజ్ అను ఎంజైము ఈ గొలుసు చివరనున్న లైసినును తొలగించుచుండును. అందుచే రక్తమున మూడు రూపములు కనబడును. బాక్టీరియాలో పుట్టినదానికి ఈ మార్పు జరుగదు. తయారుచేసినవారు హిస్టిడిన్ తోకను ఆ చివరనే అతికియున్నచో, ఆ కొనను గుర్తించు ప్రతిదేహము దానిని గుర్తింపకపోవచ్చును. మఱియు దీని క్రియాస్థానమున 283వ అమినోఆమ్లమైన సిస్టీను గాలికి తగిలి ఆక్సీకరణము చెందినచో జెల్‌పై గీత ఏమియు మారదు గాని పని నశించును. ఆసుపత్రి పరీక్షలలో ఎన్-అసిటైల్ సిస్టీనును చేర్చుట అందుకొఱకే. కావున శుద్ధత ఇంత శాతమని పత్రముపై వ్రాసియున్నను, సీసా వచ్చిననాడే స్వయముగా క్రియాశక్తిని కొలిచి, చిన్నభాగములుగా పంచి, మైనస్ 80 డిగ్రీలకడ దాచి, ఒకసారి కరగినదానిని మరల గడ్డకట్టింపకుండవలెను. ఫలితము అనుకొన్నట్లు రానప్పుడు సీసాను నిందించి పాఱవేయక, ఏల రాలేదని యొక దినము వెచ్చించుడు. ఆలస్యముగా వచ్చిన నీలవర్ణమును నిందించియుండినచో ఫాస్ఫోక్రియాటిన్ బోస్టనులో కనుగొనబడియుండెడిది కాదు.

ఈ విద్య యంతయు ఎవరికొఱకు? ఈ నగరమందలి బాలల ఆసుపత్రిలోనే 1986లో లూయిస్ కుంకెల్ బృందమువారు డుషెన్ కండరక్షీణతకు కారణమగు జన్యువును పట్టిరి. మఱుసటి యేడు దాని ప్రోటీనైన డిస్ట్రోఫినును గుర్తించిరి. అది 3685 అమినోఆమ్లముల మహాప్రోటీను. అది లేనప్పుడు కండరకణపు పొర ప్రతి కదలికకును చిరుగును, సి.కె. రక్తమున పడును. వేలకొలది మగశిశువులలో ఒకనికి వచ్చు ఈ వ్యాధిని, పుట్టిన దినములలోనే పాదమునుండి తీసిన రక్తపుబొట్టున కండరపు సి.కె.ను కొలిచి అనుమానించుటకు వీలుగా ఒక పరీక్షకు 2019 డిసెంబరులో ఎఫ్.డి.ఏ. అనుమతి నిచ్చెను. ప్రసవశ్రమచేతను ఆ ప్రోటీను కొంత పెరుగును గనుక, హెచ్చుగా కనబడిన శిశువును కొన్ని వారములకు మరల పరీక్షించి, అప్పటికిని తగ్గనిచో జన్యువును చూడవలసియుండును. ఇట్టి పరీక్షలన్నిటికిని ఎంత యున్నదో నిశ్చయముగా తెలిసిన ప్రోటీను ప్రమాణముగా కావలయును. ప్రమాణము తప్పైనచో ఒక తల్లికి లేని భయమో, మఱియొక తల్లికి లేని ధైర్యమో కలుగును.

చివరగా, ఇచ్చటికి వచ్చిన తల్లిదండ్రులకు ఒక విన్నపము. కొడుకు నడక ఆలస్యమైనను, తఱచు పడిపోవుచున్నను, నేలపైనుండి లేచునప్పుడు తన తొడలపై చేతులాన్చి పైకి ప్రాకుచున్నట్లు లేచుచున్నను, పిక్కలు అసహజముగా లావెక్కినను, వైద్యుని సి.కె. పరీక్ష చేయుమని యడుగుడు. సామాన్య రక్తపరీక్షలో కాలేయపు ఎంజైములని పిలువబడు ఏ.ఎస్.టి., ఏ.ఎల్.టి.లు హెచ్చుగా వచ్చినవని చెప్పి, కాలేయమునకు సూదివేసి పరీక్షింపవలెనని యన్నప్పుడు, ఆ రెండు ఎంజైములు కండరమునందును కలవని జ్ఞాపకముంచుకొని, ముందుగా సి.కె.ను కొలిపింపుడు. దానికి కావలసినది మోచేతివద్ద తీయు కొంచెము రక్తము మాత్రమే.